ఆఫ్రికా మృగశరణాలయములలో వైద్యవిద్యార్థినులు

పాలకాప్యముని యేనుగుల మందలతో అడవులలో సంచరించి, వాని రోగములను, వానికి తగిన ఔషధములను కనుగొని, అంగదేశాధిపతియగు రోమపాదునకు గజవైద్యము నుపదేశించెనని పెద్దలు చెప్పుదురు. మృగములతోడి సహవాసము మొదటిది, గ్రంథము తరువాతిది. నేడు ఆఫ్రికాఖండమునందలి వన్యమృగ శరణాలయములకు పోవు పశువైద్య విద్యార్థులు త్రొక్కుచున్నది యీ ప్రాచీనమార్గమే. వీరిలో యువతులు ననేకులు గలరు. వారు కొన్ని వారములో, కొన్ని నెలలో అచట నుండి, అనుభవజ్ఞులగు వైద్యుల కనుసన్నలలో స్వహస్తములతో పనిచేసి విద్య నేర్చుకొందురు. “ఆడపిల్ల ఖడ్గమృగము చెంతకు పోవుటయా!” యని గుండె చేతబట్టుకొను తల్లులు అచటి పని యెట్టిదో తెలిసికొనుట మంచిది.

ఖడ్గమృగమునకు గాయమైనదనుకొనుడు. దానిని నిలువబెట్టి కట్టు కట్టుట యెవరితరము? ఎండ ముదురక పూర్వమే వైద్యుడు బండినుండియో, హెలికాప్టరునుండియో మందు నింపిన బాణపు సూదిని ప్రయోగించును. అందలి ‘ఎటార్ఫిన్’ అను మందు మార్ఫియాకంటె వేయి మడుగులకు మించిన బలము గలది. స్వల్పమాత్రము మనుష్యుని రక్తమున కలిసినను ప్రాణాపాయమే. కావున మందుసీసా తెరచుటకు ముందే విరుగుడు సిద్ధముగా నుంచుకొనవలయును. ఇది వైద్యుని పని; విద్యార్థిని దానిని తాకదు.

మృగము నేల కూలినతోడనే విద్యార్థినుల పని యారంభమగును. ఒకతె దాని కన్నులకు గంత కట్టి, చెవులలో గుడ్డ కూరును. వేరొకతె ఊపిరులను లెక్కించి నిమిషనిమిషమునకు బిగ్గరగా చెప్పుచుండును. ఆ మందు శ్వాసను మందగింపజేయును గదా! మరియొకతె శరీరపు వేడిని కొలిచి, హెచ్చినచో నీరు పోయును. అంత బరువు కాళ్లపై పడి కండరములు నలుగకుండ పలువురు కలిసి దేహమును కదల్తురు. ఏనుగైనచో రొమ్ముపై బోరగిల పడియుండనీయరాదు, ఊపిరి యాడదు. ప్రక్కకు దొరలించి, తొండపు కొన మూసికొనకుండ చిన్న పుల్ల యుంతురు. చికిత్స ముగిసినపిదప విరుగుడు మందు నరమున నెక్కింపగా, కొలది నిమిషములలో మృగము లేచి నిలుచును. అప్పటికెల్లవారును బండ్లు ఎక్కియుండవలయును. ఊపిరుల లెక్క తప్పిన విద్యార్థిని వలన ఒక జాతికే నష్టము కలుగవచ్చును. కెన్యాలోని ఓల్ పెజెటా శరణాలయమున 2018 మార్చిలో ‘సూడాన్’ అను మృగము గతించుటతో ఉత్తర శ్వేతఖడ్గమృగజాతికి మగదియే లేకపోయెను.

అదే కెన్యాదేశమున డాఫ్నీ షెల్డ్రిక్ అను నామె తల్లులను గోల్పోయిన యేనుగు గున్నలను పెంచి పేరుగాంచెను. ఆవుపాలలోని వెన్న గున్నలకు పడదు. ఆమె యేండ్లతరబడి ప్రయత్నించి, దానికి బదులుగా కొబ్బరినూనె చేర్చిన పాలు సరిపడునని కనుగొనెను. 1974వ సంవత్సరమున ‘ఆయిషా’ అను పసిగున్న ఆ పాలతో కొన్ని నెలలు పెరిగెను. అంతలో ఆమె కుమార్తె వివాహమునకై కొన్ని దినములు ఇల్లు విడువవలసి వచ్చెను. ఆమెనే తల్లిగా నమ్మిన గున్న ఆహారము మాని, బెంగతో మరణించెను. నాటినుండి ఒక్కొక్క గున్న ఒక్కరికే మాలిమి గాకుండ, పెంపుడువారు వంతులవారీగా దానిచెంత నిదురింతురు. కడుపార పాలిచ్చుట యొకటి, తనకే కట్టివేసికొనుట మరియొకటి. వాత్సల్యమునకును హద్దు కలదని విద్యార్థిని యిచట నేర్చుకొనవలయును.

పొరుగున నున్న యుగాండాదేశమునందలి గ్లాడిస్ కలేమా-జికుసోకా చరిత్రము మరింత బోధకము. ఆమె లండనులో పశువైద్యము చదువుచుండగనే స్వదేశపు టడవులకు వచ్చి చింపాంజీలను, గొరిల్లాలను పరిశీలించెను. 1996లో ఆ దేశపు తొలి వన్యమృగవైద్యురాలుగా నియుక్తురాలయ్యెను. ఆ యేడే బ్విండీ యడవిలో గొరిల్లాలకు వెండ్రుకలు రాలి, చర్మము పొలుసులు గట్టెను. ఒక పసికూన మరణించెను. మనుష్యులలో తరచుగా కనబడు చర్మవ్యాధి యేదని విచారింపగా గజ్జియని తేలెను. చుట్టుప్రక్కల పేదపల్లెలవారి మాసిన బట్టలు, పొలములలోని దిష్టిబొమ్మలకు తొడిగినవి, గొరిల్లాలకు వ్యాధిని అంటించెనని తెలిసెను. తక్కినవి మందుతో కోలుకొనెను. పల్లెలోని గృహిణికి సబ్బును, నీరును, వైద్యమును అందనిదే అడవిలోని మృగమునకు రక్ష లేదని గ్రహించి, ఆమె 2003లో మనుష్యులకును మృగములకును కలిపి ఆరోగ్యమును గూర్చు సంస్థను స్థాపించెను.

అయితే శరణాలయమను పేరుగల ప్రతిస్థలము శరణాలయము గాదు. దక్షిణాఫ్రికాలో కొన్నిచోట్ల సింహపు పిల్లలను పుట్టిన కొలదిదినములకే తల్లినుండి వేరుచేసి, అనాథలని చెప్పి, ధనము చెల్లించి వచ్చిన యువజనులచే పాలు పట్టింతురు. పెరిగిన పిదప వానినే కంచెలలో నుంచి వేటకాండ్రకు అమ్ముదురు. 2015లో వెలువడిన ‘బ్లడ్ లయన్స్’ అను చిత్రము ఈ ఘోరమును లోకమునకు చూపెను. 2021లో ఆ దేశ ప్రభుత్వము ఇట్టి సింహవ్యాపారమును మాన్పింతుమని ప్రకటించెను.

కావున బిడ్డను పంపదలచిన తల్లి కొన్ని ప్రశ్నలు వేయవలయును. అచట బాధ్యతగల వైద్యుడు గలడా? పిల్లలను ఒడిలో నుంచుకొని ఛాయాచిత్రములు తీయింతురా? తీయించినచో ఆ స్థలమును వదలుడు. క్షయవంటి రోగములు లేవని పరీక్షించి విద్యార్థులను చేర్చుకొందురా? చేర్చుకొన్నచో మంచిదే, మన జలుబు చింపాంజీకి ప్రాణాంతకము కావచ్చును. దినములో అధికభాగము పేడను సూక్ష్మదర్శినిలో పరీక్షించుట, దాణా తూచుట, గదులు కడుగుట, లెక్కలు వ్రాయుట అని వారు చెప్పినచో సంతోషింపుడు. అదియే నిజమైన విద్య.

తిరుపతిలోను, రాజేంద్రనగరులోను మన యాడపిల్లలు పశువైద్యము చదువుచున్నారు. అయిదున్నర యేండ్ల ఆ చదువులో కడపటి యేడాది పూర్తిగా ప్రత్యక్షాభ్యాసమునకే. వారిలో నెవరికైన ఆఫ్రికాకు పోవు కోరిక పుట్టినచో, దూరదేశమని, క్రూరమృగములని వెనుకకు లాగకుడు. మృగము క్రూరత్వమునకంటె మనుష్యుని లోభమునకే భయపడవలసి యున్నది. తాకవలసినప్పుడు వణకక, తాకరానప్పుడు చేయి చాపక యుండనేర్చిన పిల్ల యేయడవిలోనైనను క్షేమముగానే యుండును.