ప్రోగ్రాముల నిర్మాణము: నమూనాలు, గుణములు

నాగార్జునసాగరు కుడి కాలువకు 1967లో నీరు విడిచిరి. అంతకుముందు పల్నాటి సేద్యము ముఖ్యముగా వానలమీదను, చెరువులు, బావులమీదను ఆధారపడియుండెను. చెరువు కట్టించినవాడు కట్టతోపాటు తూమును, అలుగును గూడ కట్టించును. తూము పొలమునకు నీరిచ్చుటకు, అలుగు కట్టను కాపాడుటకు. అలుగు పారిన నీరు నష్టమే. కట్ట తెగుటతో పోల్చిన నది యెంత? ఈ యుపాయమును ప్రతి యూరివారును క్రొత్తగా కనిపెట్టలేదు. పూర్వులకు పనికివచ్చినదానినే తమ నేలకు దగినట్లు మలచుకొనిరి.

సాఫ్టువేరు నిర్మాతలు 'డిజైన్ ప్యాటర్న్' అని పిలుచునది యిట్టి యుపాయమునే. ఈ యూహ గృహనిర్మాణ శాస్త్రమునుండి వచ్చినది. క్రిస్టఫర్ అలెగ్జాండరు మిత్రులతో గూడి 1977లో ప్రకటించిన గ్రంథమున 253 నమూనాలు కలవు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడిస్ అను నలుగురు ప్రోగ్రాములకై 23 నమూనాలను గ్రంథస్థము చేసిరి.

నమూనాల పేర్లు వల్లించినంతమాత్రమున పని జరుగదు. ఏ గుణము కావలెనో, ఎంత కావలెనో ముందు తేల్చుకొనవలెను. నరసరావుపేట వంటి పట్టణమున పత్తి కొనుగోలు కేంద్రమునకు ఒక ప్రోగ్రాము వ్రాయుచున్నామనుకొందము. "వేగముగా నుండవలెను" అనుట కోరికయే గాని కొలత గాదు. "రద్దీ దినమున 100 తూకపు చీటీలలో 95 చీటీలు 2 సెకండ్లలో రావలెను" అనినచో నది కొలత.

కాటాలు పలు కంపెనీలవి. ఒక్కొక్కదాని భాష యొక్కొక్కటి. నడుమ నొక దుబాసిని, అనగా 'అడాప్టరు'ను, ఉంచినచో రేపు క్రొత్త కాటా వచ్చినను లెక్కల భాగమును ముట్టనక్కరలేదు. మార్పునకు అనువగుట యను గుణము దీనివలన లభించును.

ఇక చెల్లింపులకై అడుగగా బ్యాంకు కంప్యూటరు పలుకలేదనుకొనుడు. ప్రతి చీటీయు దానికై కాచుకొని నిలిచెనా, బయట ట్రాక్టర్లు బారులు తీరును. దూరపు పల్లెనుండి వచ్చిన రైతు ఆ రాత్రి పత్తి మూటలమీదనే పండుకొనవలసివచ్చును. ఇందులకు 'సర్క్యూట్ బ్రేకరు' అను నమూనా కలదు. వరుసగా కొన్ని వైఫల్యములు కలిగినపిమ్మట నది, ఇంటి ఫ్యూజువలె, బ్యాంకును అడుగుట మానును. అప్పుడు చీటీని వరుసలో దాచి తూకమును సాగింపవచ్చును. కొంతసేపటికి మరల నొకమారు బ్యాంకు తలుపు తట్టి చూచును. సొమ్ము ఆలస్యమగును గాని తూకము ఆగదు. ఒకే చీటీకి రెండుమారులు సొమ్ము పోకుండ ప్రతి చీటీకిని ప్రత్యేక సంఖ్య నుంచుట మరువరాదు. ఆ సంఖ్యను బ్యాంకువారును సరిచూచుకొనవలెను.

ప్రతి నమూనాకును వెల యున్నది. ఒకే కాటా గల చిన్న దుకాణమునకు ఇరువది నమూనాలు పేర్చువారిని నేను మెచ్చను. చదువవలసిన పుటలు పెరుగును, తప్పు వెదకుట కష్టమగును.

ప్రోగ్రాము సిద్ధమైనపిమ్మట బ్యాంకుతో సంబంధమును బుద్ధిపూర్వకముగా తెంచి, చీటీ యెన్ని సెకండ్లకు వచ్చునో గడియారము చూచి కొలువవలెను. ఆ పరీక్షను పత్తి తీతలు మొదలుకాకముందే, శ్రావణములోనే ముగించుట మేలు.