గుమ్మటానికి పది లక్షలు, మరమ్మతుకు ఆరు కోట్లు

వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనంలో అమెరికా కాంగ్రెస్ ఉభయ సభలూ సమావేశమవుతాయి. దాని తెల్లటి గుమ్మటాన్ని టీవీలో చూడనివారు అరుదు. ఆ గుమ్మటం కారితే బాగుచేయించడం, ఆవరణలో చెట్లు పెంచడం, సభ్యుల ఆఫీసుల్లో ఏసీ ఆగకుండా చూడడం అన్నీ ఒకే కార్యాలయం పనులు. దాని పేరు ‘ఆర్కిటెక్ట్ ఆఫ్ ది క్యాపిటల్’. ఆ కార్యాలయాధిపతినీ అదే పేరుతో పిలుస్తారు.

570 ఎకరాలు

ఈ కార్యాలయం చేతిలో 570 ఎకరాలకు పైగా స్థలం, సుమారు కోటీ 84 లక్షల చదరపు అడుగుల భవనాలు ఉన్నాయి. వెయ్యి అడుగుల ఫ్లాట్ల లెక్కన 18,400 ఫ్లాట్లు. ఉభయ సభల ఆఫీసు భవనాలు, సుప్రీంకోర్టు భవనం, బొటానిక్ గార్డెన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భవనాలు కూడా ఇందులోవే. ఆ లైబ్రరీ ఢిల్లీలోని తన ఆఫీసు ద్వారా తెలుగు పుస్తకాలనూ సేకరిస్తుంది. అంటే అక్కడికి చేరిన మన పుస్తకాల మీద చినుకు పడకుండా చూసేదీ వీళ్లే.

1910 నుంచి సొంత పవర్ ప్లాంటు ఉంది. చలికాలం గదులను వెచ్చబరిచే ఆవిరి, వేసవిలో చల్లబరిచే నీళ్లు అక్కడినుంచే వస్తాయి.

2,400 మంది

సిబ్బంది సుమారు 2,400 మంది. తాపీ పనివారు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, తోటమాలులు, పెయింటర్లు అందరూ ఉంటారు. 2021 జనవరి 6న, అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని ఒప్పుకోని ఆందోళనకారుల గుంపు క్యాపిటల్ భవనంలోకి చొరబడినప్పుడు వీరిలో కొందరు పైకప్పు మీదికి పరుగెత్తి, గాలి వచ్చే దిశను తిప్పేశారు. లోపల కమ్ముకున్న ఘాటు రసాయనాలు బయటికి పోవడానికి అదే దారి. కళ్లు మండుతున్న పోలీసులకు నీళ్ల సీసాలు అందించిందీ ఈ సిబ్బందే.

13 మంది

1793లో జార్జ్ వాషింగ్టన్ క్యాపిటల్‌కు శంకుస్థాపన చేసిన నాటి నుంచి ఆర్కిటెక్ట్ పదవిలో కూర్చున్నది 13 మందే. 1989 చట్టం ప్రకారం పదేళ్ల పదవీకాలానికి అధ్యక్షుడు నియమించేవారు, సెనేట్ ఆమోదించేది. 2023 ఫిబ్రవరిలో, అధికారిక వాహనం దుర్వినియోగం తదితర ఆరోపణల నేపథ్యంలో, 12వ ఆర్కిటెక్టును అధ్యక్షుడు బైడెన్ తొలగించారు. ఆ ఏడాది చివర్లోనే నియామకాధికారాన్ని కాంగ్రెస్ తన చేతిలోకి తీసుకుంది. 2024లో థామస్ ఆస్టిన్ 13వ వ్యక్తిగా వచ్చారు.

1,300 పగుళ్లు

గుమ్మటం చూడటానికి రాతిదిలా ఉన్నా, అది దాదాపు 4,000 టన్నుల పోత ఇనుము. 1855లో పని మొదలై 1866లో ముగిసింది. అప్పటి ఖర్చు పది లక్షల డాలర్లకు కాస్త పైన.

2014 నాటికి అందులో 1,300కు పైగా పగుళ్లు తేలాయి. వాన నీరు లోపలికి దిగుతోంది. పోత ఇనుముకు వెల్డింగ్ సరిపడదు, వేడికి మళ్లీ పగులుతుంది. అందుకే పగులు వెంబడి వరసగా రంధ్రాలు తొలిచి, మరలున్న లోహపు పిన్నులు బిగించి, అడ్డంగా లోహపు పట్టీలు దిగ్గొట్టారు. ఇనుముకు కుట్లు వేశారన్నమాట. పరంజాకు వాడిన గొట్టాలను వరసగా పేరిస్తే 52 మైళ్లు. రంగు 1,215 గ్యాలన్లు, అంటే సుమారు 4,600 లీటర్లు. 2016లో పని పూర్తయ్యేసరికి ఖర్చు దాదాపు ఆరు కోట్ల డాలర్లు.

నూటయాభై ఏళ్లలో డాలరు విలువ ఎంతో పడిపోయింది కనుక ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నిట్టూర్చక్కర్లేదు. చూడాల్సింది మరొకటి. అంతకుముందు ఇంత పెద్ద మరమ్మతు జరిగింది 1959-60లో. మధ్యలో అర్ధ శతాబ్దం దాటింది.

97 కోట్లు

పాత భవనానికి అంచనా వేయడం ఎంత కష్టమో క్యానన్ భవనం చెబుతుంది. 1908లో తెరిచిన ఈ ప్రతినిధుల సభ ఆఫీసు భవనాన్ని, ఒక్కో భాగం ఖాళీ చేయించి బాగుచేస్తూ వచ్చారు. మొదట 75 కోట్ల డాలర్లన్నారు. అంచనా పెరిగి 97 కోట్లకు చేరింది. గోడ విప్పేదాకా దాని వెనక ఏముందో తెలియదు. ఇంజినీర్లు కాగితం మీద రాసిన లెక్కను పాత పైపులు, ప్రమాదకర పదార్థాలు తిరగరాస్తాయి.

ఈ డబ్బు ఏటా మంజూరు చేసేదీ, ఆ గదుల్లో కూర్చునేదీ ఒక్కరే, కాంగ్రెస్ సభ్యులు. కొత్త భవనానికైతే రిబ్బను కత్తిరించే వేడుక ఉంటుంది. పైపు మార్చినందుకు ఓట్లు రాలవు. వాయిదా వేసిన మరమ్మతుకు మాత్రం బిల్లు తప్పక వస్తుంది, దాన్ని కట్టేది తర్వాతి తరం పన్ను చెల్లింపుదారులు.