గుఱ్ఱమా? వృషభమా?

తిరుపతి ప్రాంతమున రెండు జంతువులకు ప్రత్యేకమైన ఆదరము కలదు. కనుమ పండుగనాడు చంద్రగిరి చెంతనున్న రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టిన కోడెలు వీథులవెంట దూసికొనిపోవుచుండగా, వానిని నిలువరించుటకు యువకులు పోటీపడుదురు. శ్రీవారి బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి స్వామి అశ్వవాహనారూఢుడై తిరుమల మాడవీథులలో ఊరేగును. ఈ రెండు జంతువులే యూరపుఖండమున రెండు వేగవాహనములకు చిహ్నములైనవి. ఇటలీవారి లంబోర్గిని కారు ముఖమున వృషభమున్నది. జర్మనీవారి పోర్షె కారు ముఖమున గుఱ్ఱమున్నది.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక ధనవంతుడు ఈ రెండింటిలో ఒకదానిని కొనదలచినాడనుకొందము. ఏది మేలు? కార్లు కొనజాలని విద్యార్థులును విరామవేళ వాదించుకొను ప్రశ్న ఇది. పూర్వము గుఱ్ఱమును కొనువాడు దాని వన్నెను, సుడులను, నడకను పరీక్షించెడివాడు. అందుకొఱకు ఒక శాస్త్రమే ఉండెను. తెలుగున మనుమంచి భట్టు రచించిన హయలక్షణ విలాసము అట్టిది. నేటి వాహనమునకు సుడులు లేవు, అంకెలున్నవి. ఆ అంకెలను చదువుటయు ఒక విద్యయే.

ఈ రెండు కార్ల చరిత్రలోను 1963వ సంవత్సరము ముఖ్యమైనది. ఫెరూచియో లంబోర్గిని ట్రాక్టర్లు నిర్మించి ధనము గడించినవాడు. ఆ యేడు శాంతాగాత బొలొనేసె అను ఊరిలో కార్ల సంస్థను నెలకొల్పెను. పాశ్చాత్యుల గణనమున తనది వృషభరాశి యగుటచే ఎద్దును చిహ్నముగ గైకొనెను. పొలము దున్ను యంత్రమును చేసినవాడే వేగవాహనమునకును పూనుకొనుట రాయలసీమ రైతుకు ముచ్చట గొల్పు విషయము. అదే యేడు పోర్షెవారు ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున తమ క్రొత్త కారును 901 అను సంఖ్యతో చూపిరి. నడుమ సున్నగల మూడంకెల పేర్లపై ఫ్రాన్సునందలి పెజో సంస్థ తన హక్కును చాటగా, ఆ సంఖ్య 911గా మారెను. వారి ముద్రలోని గుఱ్ఱము స్టుట్‌గార్ట్ నగర చిహ్నమునుండి వచ్చినది. ఆ నగరము పేరును ఆడుగుఱ్ఱముల పెంపకపు తోట అను అర్థము గల మాటనుండియే పుట్టినది.

పోల్చుటకు 2019లో వెలువడిన హురకాన్ ఇవో, 2020లో వెలువడిన 911 టర్బో ఎస్ తగిన జోడు. హురకాన్ అనునది 1879లో స్పెయినుదేశపు ఆలికాంతె గోదాలో పోరాడిన వృషభము పేరు. ఆ కారు నిర్మాణము 2024లో ముగిసినది. టర్బో ఎస్‌కు 2025లో విద్యుత్సహాయము గల క్రొత్త రూపము వచ్చినది. కావున నేడు ఈ జోడును కోరువాడు ఒకరు వాడిన బండినే కొనవలసియుండును. కోట్ల రూపాయల బేరమిది. బండి ప్రమాదమున దెబ్బతిన్నదా, మరమ్మతుల కాగితములు సక్రమముగ నున్నవా అని నిపుణునిచే చూపించుకొనుట మొదటి పని.

ఇక బలము. వృషభమునకు 640, గుఱ్ఱమునకు 650 అశ్వశక్తులు. ఈ భేదము నూటికి రెండు పాళ్లయినను లేదు. నిలిచియున్న బండి గంటకు 100 కిలోమీటర్ల వేగము నందుకొనుటకు హురకాన్‌కు 2.9 సెకండ్లు, టర్బో ఎస్‌కు 2.7 సెకండ్లు చాలునని నిర్మాతలు ప్రకటించిరి. భౌతికశాస్త్రము చదువు బాలుడు ఈ అంకెలను మరియొక దానితో పోల్చి చూడవచ్చును. కొండకొమ్ము నుండి జారవిడిచిన రాయి, గాలి అడ్డు లేదనుకొన్నచో, అంత వేగమును 2.83 సెకండ్లలో పొందును. అనగా గుఱ్ఱము పడుచున్న రాయికంటె రవంత ముందు, వృషభము రవంత వెనుక. రెంటి నడుమనున్న యెడము రెప్పపాటు మాత్రమే.

తూకము వద్ద కొనువాడు భ్రమపడుటకు అవకాశమెక్కువ. హురకాన్ బరువు 1,422 కిలోలనియు, టర్బో ఎస్ బరువు 1,640 కిలోలనియు పట్టికలలో కనబడును. 218 కిలోల భేదమున్నట్లు తోచును. కాని ఇటలీవారు చెప్పినది పెట్రోలు, నూనె మున్నగు ద్రవములు లేని బరువు. జర్మనీవారు చెప్పినది ద్రవములు నింపి నడచుటకు సిద్ధముగనున్న బండి బరువు. చిత్తూరు మామిడికాయలను ఒకరు గంపతోను, ఒకరు గంప లేకయు తూచినట్లున్నది. తూచు పద్ధతి ఒక్కటియైనపుడే పోలిక చెల్లును.

అసలు భేదము బలము వచ్చు తీరులో నున్నది. హురకాన్ ఇంజను 5.2 లీటర్లది, పది సిలిండర్లది; సీట్లకు వెనుక, ఇరుసుకు ముందు నుండును. తనంత తానే గాలిని పీల్చుకొనును. చక్రములను త్రిప్పు దాని బలము 600 న్యూటన్ మీటర్లు. అది పూర్తిగ దొరకవలెనన్న ఇంజను నిమిషమునకు 6,500 చుట్లు తిరుగవలెను. టర్బో ఎస్ ఇంజను 3.7 లీటర్లది, ఆరు సిలిండర్లది. వెనుక ఇరుసుకును వెనుక నుండును. వెలువడు పొగ వేగముతో తిరుగు రెండు టర్బోలు దానిలోనికి గాలిని ఒత్తి పంపును. అందుచే 2,500 చుట్లకే 800 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము లభించును. ఒకటి అరచినకొలది బలపడును. రెండవది పిలిచినంతనే లాగును.

దీనికి తిరుమల కొండదారి మంచి పరీక్ష. 1944లో తెరచిన మొదటి ఘాటురోడ్డు నేడు దిగువారికి, 1974లో తెరచిన రెండవది ఎక్కువారికి ఏర్పాటైనది. కార్లు ఎక్కుటకు 28 నిమిషములకును, దిగుటకు 40 నిమిషములకును తక్కువ పట్టరాదని దేవస్థానమువారు నియమము పెట్టి, ముందుగ చేరినవారికి జరిమానా విధించుచు వచ్చిరి. ఎక్కుదారి సుమారు 18 కిలోమీటర్లు. లెక్క వేసినచో సగటు వేగము గంటకు 39 కిలోమీటర్లు దాటరాదు. ఆ నడకలో వృషభమునకు గొంతు విప్పు అవకాశము దాదాపుగ రాదు. గుఱ్ఱము మాత్రము తన బలములో కొంతైనను మలుపు మలుపునకు చూపగలదు. అయినను కోట్ల విలువగల కారును, యాత్రికులను మోయు జీపును ఇంచుమించు ఒకే వేళకు కొండ చేరును.

మరి కొన్ని విషయములు కలవు. హురకాన్‌లో ఇద్దరికే చోటు. టర్బో ఎస్‌లో వెనుక రెండు చిన్న సీట్లున్నవి. పెద్దలకు చాలవు గాని పిల్లలు కూర్చుండగలరు. కుటుంబముతో కొండకు పోవు ఊరిలో ఇది చిన్న విషయము కాదు. రెండు బండ్లును నేలబారుననుండునవే. ఊరూర నున్న స్పీడు బ్రేకర్లు దాటుటకు ముక్కును సుమారు నాలుగు సెంటీమీటర్లు పైకెత్తు సాధనమును నిర్మాతలు అమర్చి యిత్తురు. వాడిన బండిలో అది యున్నదా లేదా అని తప్పక చూచుకొనవలెను.

చిత్తూరు నుండి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. హురకాన్ పరమవేగము 325, టర్బో ఎస్ పరమవేగము 330 కిలోమీటర్లు. నాలుగు వరుసల విభక్త రహదారులపై కార్లకు గంటకు 100 కిలోమీటర్లు హద్దని 2018లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. ఆ హద్దున ఎడతెగక సాగినను రెండు బండ్లకును 42 నిమిషములే పట్టును. పాత చిన్నకారుకును అంతే పట్టును.

ఆ దారి ప్రక్కనే, ముఖ్యముగ పురటాసి మాసమున, తమిళదేశము నుండి కాలినడకన వచ్చు భక్తులు తెల్లవారుజామున గుంపులు గుంపులుగ నడచుచుందురు. 100 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకండులో 28 మీటర్లు పోవును. చీకటిలో మనిషిని చూచి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకండు పట్టినచో అంత దూరము గడచియే పోవును. రెండు కార్లకును మేలైన సెరామిక్ బ్రేకులున్నవి. కాని ఆ సెకండు బ్రేకులది కాదు, నడుపువానిది. వేగము 200 అయినచో ఆ దూరము రెట్టింపగును. బ్రేకులు అణచవలసిన శక్తి నాలుగు రెట్లగును.

కావున తీర్పు ఇట్లుండును. ఇంటికిని కొండకును పోవుటకు, బిడ్డలను వెంటగొనిపోవుటకు గుఱ్ఱమే మేలు. వృషభమును కోరువాడు దానికి తగిన గోదాను చూపవలెను. చెన్నై శివారున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుండి మోటారు పందెములకు ప్రత్యేకమైన దారి యున్నది. శిక్షకుని వద్ద నేర్చి అచ్చట నడుపువానికి హురకాన్ కంఠధ్వని వినబడును. ఎవరికిని అపాయము లేదు. రంగంపేట కోడెలకును పరుగు దినము ఏడాదికి ఒక్కటే గదా! మిగిలిన దినములలో వానిని ప్రేమతో సాకువారే యున్నారు.

కొనదలచినవాడు పట్టికలన్నియు చదివిన పిమ్మట, సంతకము చేయుటకు ముందు, ఒకనాటి తెల్లవారుజామున తన పాతబండిలో చంద్రగిరి దారిని నెమ్మదిగా పోయి చూచుట మంచిది. దీపపు వెలుగున కనబడు 28 మీటర్లలో ఎందరు నడచుచున్నారో అపుడు తెలియును.