గొంతు పోయిన రేడియోకు మళ్లీ మాటొచ్చింది

నాగాయలంక: పాత రేడియో సన్నగా పలుకుతోందంటే చాలామంది మొదట చేసే పని వెనక అట్ట విప్పి కనబడిన స్క్రూలన్నీ తిప్పడం. అసలు చేయకూడని పని కూడా అదే. మా వీధి చివరనుండే ఒక పెద్దాయన పెట్టె వల్ల ఈ సంగతి ఈ విలేకరికి బాగా తెలిసివచ్చింది.

అది మూడు బ్యాండ్ల ట్రాన్సిస్టర్. 1971లో ధాన్యం అమ్మిన డబ్బుతో కొన్నారట. చెక్క పెట్టె, ముందు గుడ్డ జాలీ, లోపల నాలుగు పెద్ద సెల్లులు. ఆ రోజుల్లో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి గదా, ఆ పుస్తకం కూడా ఆయన ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడిన రాత్రి పిల్లల్ని ముందు డాబా ఎక్కించి, ఆ వెనకే ఈ పెట్టెను చంకన పెట్టుకుని ఎక్కానని చెబుతారు. అప్పటినుంచి వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన చేయి రేడియో మీదికి పోతుంది.

‘‘కరెంటు పోద్ది. సెల్‌ఫోను టవరూ పోద్ది. దీనికి నాలుగు సెల్లులుంటే చాలు గదా అబ్బాయ్’’ అన్నది ఆయన వాదన. కాదనడానికి ఈ విలేకరి దగ్గర జవాబు లేదు.

2018 చలికాలం మొదట్లో ఆ పెట్టెలో బెజవాడ స్టేషను గొణుగుడులోకి దిగింది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వినబడేది. మా ఊరికీ బెజవాడకూ మధ్య వంద కిలోమీటర్లు కూడా లేవు. అంత దగ్గరి స్టేషను చెవి ఆనిస్తేగాని వినబడలేదంటే తప్పు గాలిది కాదు, పెట్టెది.

పెద్దాయన మనవడు పెట్టెను దగ్గరి పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి కుర్రాడు సెల్‌ఫోన్లు బాగుచేయడంలో దిట్టేనట. లోపల రేకు డబ్బాల నెత్తిన ఉన్న స్క్రూలు వదులైపోయాయని చెప్పి అన్నిటినీ గట్టిగా బిగించి పంపాడు. ఇంటికొచ్చాక బెజవాడ స్టేషను ముల్లు వెయ్యి దగ్గర పెడితే వచ్చింది. అదీ వర్షం హోరులో ఎవరో గోడవతల మాట్లాడినట్టు.

ఆఖరుకు పులిగడ్డ వారధి దాటి రేపల్లె వైపున్న ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయనకూ డెబ్బై దాటాయి. దుకాణం ఎత్తేసి ఇంటి వసారాలోనే బల్ల వేసుకున్నారు. పెట్టె విప్పి, డబ్బాల నెత్తిన కొత్తగా పడిన గీతలు చూసి, ‘‘ఎవరు బాబూ ఈ డబ్బాల జోలికి పోయింది?’’ అన్నారు. మనవడు తల దించుకున్నాడు. పాపం, వాడి తప్పేముంది?

తూముల లెక్క

మాకు అర్థమయ్యేటట్టు ఆయన కాలువ లెక్కలోనే చెప్పారు. రేడియో తాను పట్టిన స్టేషనును నేరుగా పెద్దది చేయదు. లోపల ఆసిలేటరు అనే చిన్న యంత్రాంగం ఉంటుంది. అది తన సొంత సిగ్నలు ఒకటి పుట్టించి వచ్చిన స్టేషనుతో కలుపుతుంది. మనం ఏ స్టేషను పెట్టినా ఈ రెంటికీ మధ్య తేడా ఒకటే ఉండాలి. చాలా సెట్లలో ఆ తేడా 455 కిలోహెర్ట్జ్. బెజవాడ 837 పెడితే ఆసిలేటరు 1292 దగ్గర ఆడాలన్న మాట. వచ్చిన ఆ 455 వరసగా రెండు మూడు రేకు డబ్బాల గుండా పోయి పెరుగుతుంది. వాటిని ఐ.ఎఫ్.టి.లంటారు. ‘‘ఒకే కాలువ మీద మూడు తూములనుకోండి. మూడూ ఒకే మట్టానికి ఉంటేనే చివరి పొలానికి నీరు. ఒకటి ఎత్తి ఒకటి దించితే కాలువ నిండా నీళ్లున్నా మీ పొలం ఎండాల్సిందే’’ అన్నారు. దుకాణం కుర్రాడు మూడు తూములూ మూసి, నాలుగోదైన ఆసిలేటరు స్క్రూ కూడా బిగించాడు. ముల్లు వెయ్యి దగ్గరికి జరగడం అందుకేనట.

అయితే అంతకుముందే రేడియో సన్నబడింది గదా. అసలు జబ్బు ఏమిటన్నది మా ప్రశ్న. ఆయన కూడా ముందు దాన్నే వెతికారు. డబ్బాలను ముట్టుకున్నది చిట్టచివర.

సెల్లుల స్ప్రింగులకు పచ్చటి తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్దారు. బ్యాండు మార్చే స్విచ్చి లోపల నల్లబడితే మందు చల్లి పాతికసార్లు అటూ ఇటూ తిప్పారు. ఆపైన మల్టీమీటరును సెల్లులకూ సెట్టుకూ మధ్య పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తే తాగాల్సిన కరెంటుకు రెండింతలు తాగుతోంది. ఇటువంటి సెట్టు ఊరకే ఉన్నప్పుడు పది పదిహేను మిల్లీ ఆంపియర్లకు మించి తాగకూడదని చెప్పారు. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు ఐదింటిని తీసి కొత్తవి అతికారు. అవి ఎండితే శబ్దం సన్నబడుతుంది, ఒక్కోసారి పడవ ఇంజను మాదిరి డుబుడుబుమంటుంది.

నాలుగు కాళ్ల ట్రాన్సిస్టర్ల కథ వింతగా ఉంది. ఏ.ఎఫ్. 115, 117 వంటి పాత జెర్మేనియం రకాల్లో ఏళ్లు గడిచేకొద్దీ డబ్బా లోపల తగరపు మీసాలు మొలుస్తాయట. వెంట్రుక కంటే సన్నమైన ఆ మీసం పోయి లోపలి కాలిని తాకితే ట్రాన్సిస్టరు మూగబోతుంది. డబ్బాకు ఆనుకుని ఉండే నాలుగో కాలిని కత్తిరిస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది. మా పెట్టెలో ఒకదానికి అదే వైద్యం జరిగింది.

అసలు దొంగ మాత్రం ఫెర్రైట్ కడ్డీ దగ్గర దొరికాడు. మీడియం వేవ్‌కు ఏరియల్ ఆ నల్ల కడ్డీయే. దాని మీద చుట్టిన తీగ ఒంటి తీగ కాదు, వెంట్రుకల్లాంటి పోగులు కలిపి పేనినది. కొసన సగం పోగులు తెగి ఉన్నాయి. భూతద్దం పెట్టి ప్రతి పోగూ శుభ్రంచేసి అతకడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆయన మాట్లాడలేదు, మమ్మల్నీ మాట్లాడనివ్వలేదు.

ప్లాస్టిక్ పుల్ల

అలైన్‌మెంటు అప్పుడు మొదలైంది. చేతిలోకి తీసుకున్నది ఇనుప స్క్రూడ్రైవరు కాదు, ప్లాస్టిక్ అల్లిక సూదిని అరగదీసి చేసుకున్న పుల్ల. ఇనుము దగ్గరికొస్తేనే కాయిల్ లెక్క మారిపోతుంది. తీసేయగానే మళ్లీ తప్పుతుంది. పైగా డబ్బా లోపలి ఫెర్రైట్ ముక్క సుద్దలా పెళుసు. బలం పెడితే పగిలి గొంతులోనే ఇరుక్కుంటుంది. అలా పగిలిన డబ్బాకు మార్పిడి ఇప్పుడు బజారులో దొరకడం కష్టం. దుకాణం కుర్రాడి చేతిలో ఒక్కటీ పగలకపోవడం పెద్దాయన అదృష్టం.

పాత సిగ్నల్ జనరేటరును 455 మీద పెట్టి, చివరి డబ్బాతో మొదలుపెట్టి వెనక్కి వచ్చారు. మీటరు ముల్లు ఎక్కువకు ఎక్కిన చోట ఆపడం, తర్వాతి డబ్బాకు పోవడం. సెట్టు వాల్యూము నిండుగా పెట్టారు, జనరేటరు సిగ్నలును మాత్రం వినీ వినబడనంతగా ఉంచారు. సిగ్నలు బలంగా ఉంటే రేడియో తనంతట తానే జోరు తగ్గించుకుంటుందట. అప్పుడు స్క్రూ ఎటు తిప్పినా తేడా తెలియదు.

తర్వాత ముల్లు పని. డయలు కింది కొసన, 600 దగ్గర ఆసిలేటరు కాయిల్‌తో సరిచేయాలి. పై కొసన, 1400 దాటాక ట్రిమ్మరుతో. కడ్డీకీ అదే పద్ధతి. కింద కాయిల్‌ను కడ్డీ మీద అటూ ఇటూ జరపాలి, పైన దాని ట్రిమ్మరు తిప్పాలి. ఒక కొస సరిచేస్తే రెండోది కొంచెం తప్పుతుంది కాబట్టి మూడుసార్లు అటూ ఇటూ తిరిగారు. ఆఖరున కాయిల్ కదలకుండా కొవ్వొత్తి మైనం చుక్క వేశారు. తర్వాతి కాలపు చిన్న సెట్లు చాలావాటిలో ఆసిలేటరు తలకు ఎరుపు, మిగతా మూడు డబ్బాలకు పసుపు, తెలుపు, నలుపు రంగులుంటాయి. ఎర్రదాన్ని తిప్పితే ముల్లు లెక్క పోతుంది, మిగతావి తిప్పితే గొంతు పోతుంది.

బెజవాడ 837 దగ్గరికే వచ్చి నిలబడింది. చీకటి పడ్డాక అసలు పరీక్ష పెట్టారు. అప్పట్లో చెన్నై 720 మీద, హైదరాబాదు 738 మీద వినబడేవి. మధ్య దూరం పద్దెనిమిది కిలోహెర్ట్జ్. డబ్బాలు సరిగా లేని సెట్టులో అరవమూ తెలుగూ కలిసి సంతలా వినిపిస్తాయి. ఆ రాత్రి మాకు రెండూ విడివిడిగా పలికాయి. ‘‘ఇక చాలు, కట్టేయండి’’ అన్నారు మెకానిక్. సామానుకూ కూలికీ కలిపి నాలుగు వందలు తీసుకున్నారు. పని నేర్చుకునేవాళ్లెవరూ రావడం లేదా అని అడిగితే, ‘‘నేర్చుకుని ఏం తింటారు బాబూ?’’ అని జనరేటరు మీద గుడ్డ కప్పారు.

ఇంటికి తెచ్చి గూట్లో పెడితే మళ్లీ గర్రుమన్న రొద. పెద్దాయన ముఖం మాడిపోయింది. ఈసారి తప్పు పెట్టెది కాదు, పక్క గోడకున్న ఎల్.ఇ.డి. బల్బుది. ఆర్పగానే రొద పోయింది. సెల్‌ఫోను చార్జర్లతోనూ ఇదే తంటా. బల్బు ఆర్పడం కుదరకపోతే పెట్టెను మెల్లగా పక్కకు తిప్పి చూడాలి. కడ్డీ అడ్డంగా ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కు స్టేషను బాగా వస్తుంది, కడ్డీ కొస చూపే దిక్కు నుంచి వచ్చేది తగ్గుతుంది. స్టేషనో, రొదో ఏది వదులుకోవాలో తిప్పే చేతికే తెలుస్తుంది.

ఆ తర్వాతి ఏళ్లలో ఆకాశవాణి దేశంలో చాలాచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను మూసి ఎఫ్.ఎం. వైపు మళ్లింది. ఈ పాత పెట్టెలు ఎఫ్.ఎం. పట్టలేవు. కాబట్టి అటక మీది రేడియో దించిన పాఠకులు మెకానిక్‌కు డబ్బు పోసేముందు, బాగా పలికే మరో మీడియం వేవ్ సెట్టును పగలూ రాత్రీ అదే ఇంట్లో పెట్టి వినండి. దానికీ ఏమీ రాకపోతే మీ పెట్టెకు జబ్బు ఉన్నట్టు కాదు.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను తూర్పు గోదావరి తీరం దాటింది. ముందు రోజు రాత్రి మా వీధిలో నలుగురైదుగురు పెద్దాయన అరుగు మీదే కూర్చుని వార్తలు విన్నారు. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోనూ ఉన్నాయనుకోండి. అయినా రేడియో చెప్పేదాకా ఆయన లేవలేదు, మమ్మల్నీ లేవనివ్వలేదు. తెల్లారి చూస్తే పెట్టె వెనక అట్ట మీద తెల్ల కాగితం అతికించి ఉంది. మనవడి చేతిరాతతో, ఎర్ర సిరాతో: ‘‘లోపలి స్క్రూలు ఎవరూ తిప్పరాదు.’’