తుఫాను రోజులకు ముందే పొయ్యి లెక్క చూసుకోండి: గ్యాస్, కర్ర, కరెంటు - ఏది ఎంత?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో ఇండక్షన్ స్టవ్ పనిచేయదు, గ్యాస్ బండి రాదు. ఇంటి చుట్టూ ఎన్ని చెట్లు పడి ఉన్నా లాభం లేదు. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్లే. మంట కన్నా పొగే ఎక్కువ. అందుకే అక్టోబర్ రాకముందే ఇంట్లో ఏ ఇంధనం ఎంత ఉందో చూసుకోవాలి.

ఏది ఎంత వేడి ఇస్తుంది?

కేజీ గ్యాస్‌లో సుమారు 11,000 కిలో కేలరీల వేడి ఉంటుంది. బాగా ఎండిన కర్రలో 3,500 దాకా. ఒక యూనిట్ కరెంటు 860కి సమానం. అయితే ఈ వేడంతా గిన్నెకు చేరదు. గ్యాస్ స్టవ్ మీద 60 శాతం, ఇండక్షన్ మీద 85 శాతం వరకు చేరితే, మూడు రాళ్ల పొయ్యి మీద చేరేది 15 శాతమే. మిగతాది గాలిలో కలిసిపోతుంది.

ఈ లెక్కన 14.2 కేజీల సిలిండర్ చేసే పనికి సుమారు 175 కేజీల ఎండు కర్ర కావాలి, లేదా 130 యూనిట్ల కరెంటు. సిలిండర్ ధరను 130తో భాగించి చూడండి. 900 రూపాయలనుకుంటే ఏడు రూపాయలు వస్తుంది. మీ బిల్లులో చివరి స్లాబు రేటు అంతకన్నా తక్కువైతే ఇండక్షన్ లాభం, ఎక్కువైతే గ్యాస్ లాభం. చలికాలంలో ఒక బకెట్ స్నానం నీళ్లు కాగడానికి గ్యాస్ అయితే 45 గ్రాములు, కర్ర అయితే అర కేజీకి పైనే ఖర్చవుతుంది.

నిల్వ ఎలా?

గ్యాస్: మూసిన సిలిండర్‌లో గ్యాస్ ఎన్నాళ్లున్నా పాడవదు. చూడాల్సింది సిలిండర్ గడువు. పైన పట్టీ మీద ‘బి-27’ అని ఉంటే 2027 జూన్ వరకు అని అర్థం. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. గడువు దాటింది తెస్తే తీసుకోవద్దు. నిండు సిలిండర్‌ను మూత బిగించి, నిలబెట్టి, గాలి ఆడే చోట ఉంచండి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి గుంటలో, మంచం కింద పెట్టకూడదు. రబ్బరు పైపును ఐదేళ్లకోసారి మార్చాలి. లీకైతే 1906కు ఫోన్ చేయండి.

ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 పథకం 2024 నవంబర్ 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలైంది. మీరు అర్హులైతే తుఫాను హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా ముందే బుక్ చేసుకోండి.

కర్ర: రోజుకు అర కేజీ గ్యాస్ వాడే ఇల్లు వారం రోజులు కర్ర మీదే వండాలంటే 45 కేజీలు ఉంచుకోవాలి. వేసవిలోనే చీల్చి ఎండబెట్టండి. ఇటుకల మీద పేర్చి, పైన మాత్రమే టార్పాలిన్ కప్పండి. పక్కలు కూడా మూస్తే లోపల చెమ్మ పడుతుంది. కొబ్బరి మట్టలు, డొక్కలు మంట అంటించడానికి బాగుంటాయి గానీ త్వరగా కాలిపోతాయి. కర్రల మోపులో చెయ్యి పెట్టేముందు పాము, తేలు ఉన్నాయేమో చూసుకోండి.

బొగ్గు: గాలిలోని చెమ్మ పీలుస్తుంది. మూత ఉన్న డ్రమ్ములో వేయండి.

ఈ రెండూ వద్దు

పలాసలో జీడి తొక్క దొరుకుతుంది కదా అని వంటపొయ్యిలో వేయకండి. తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. ఎత్తైన పొగగొట్టం ఉన్న ఫ్యాక్టరీ బాయిలర్లకే అది సరి.

రెండోది, తలుపులు మూసిన గదిలో కుంపటి. వానాకాలం చలికి బాలింత మంచం దగ్గర నిప్పులు పెట్టడం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలంటే దుప్పటి చాలు. నిప్పులు మాత్రం గది బయటే ఉండాలి.

ఒక నిండు సిలిండర్, వారానికి సరిపడా ఎండు కర్ర, తడవని అగ్గిపెట్టె. ఈ మూడూ ఉంటే కరెంటు లేని రోజుల్లో మన పిల్లలకే కాదు, పక్కింటివాళ్లకు కూడా వేడి అన్నం పెట్టగలం.