పెద్దలు మాట దాటవేసిన చోట

రెండు దశాబ్దాలకు పైగా పార్లమెంటు చర్చలు వింటున్నాను. అంతర్జాతీయ ఒప్పందాలపై అనర్గళంగా ప్రసంగించే సభ్యులు, పదిహేనేళ్ల పిల్లలకు వారి శరీరధర్మం గురించి ఎవరు చెప్పాలన్న ప్రశ్న రాగానే తడబడతారు.

2005లో కేంద్ర విద్యాశాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి పాఠశాలల్లో కౌమార విద్యా కార్యక్రమం తలపెట్టాయి. 2007 నాటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలైన రాష్ట్రాలు అడ్డుచెప్పాయి. వివాదం రాజ్యసభ పిటిషన్ల సంఘానికి చేరింది. ఆ సంఘానికి అప్పటి అధ్యక్షులు మన వెంకయ్యనాయుడుగారే. బడుల్లో లైంగిక విద్య కూడదనీ, ఎయిడ్స్ వంటి విషయాలను ప్లస్ టూ దశకు ముందు బోధించరాదనీ 2009లో సంఘం సిఫార్సు చేసింది. తల్లిదండ్రులలో అనేకుల భయమే ఆ నివేదికలో ప్రతిధ్వనించిందని ఒప్పుకోవాలి.

అయితే ప్లస్ టూ దాకా ఆగగలిగే బాల్యం ఎందరికున్నది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు పశ్చిమ బెంగాల్‌లో 41.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. బడిలో పాఠం మొదలయ్యేలోగా ఒడిలోకి బిడ్డ వస్తున్నది.

సభ తేల్చలేని ఈ ప్రశ్నకు కోల్‌కతా వీధుల్లో ఒక దారి కనిపిస్తుంది. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా సోనాగాచిలో సుఖవ్యాధుల నివారణకు పూనుకున్నప్పుడు, ఆ వృత్తిలోని స్త్రీలనే తోటివారికి బోధకులుగా తీర్చిదిద్దారు. చెప్పేవారు తమలో ఒకరైతే వినేవారికి బిడియం తగ్గుతుంది.

పిల్లల విషయంలో ఇదే సూత్రాన్ని నమ్మిన సంస్థ అమ్లాన్ గంగూలీ స్థాపించిన 'ప్రయాసమ్'. అక్కడ మురికివాడల పిల్లలు తమ వాడకు తామే పటం గీశారు. ఇంటింటికీ వెళ్లి పోలియో చుక్కల గురించి ప్రచారం చేశారు. నృత్యాన్నీ నాటకాన్నీ అందుకు సాధనాలుగా చేసుకున్నారు. వీరి కథను 2013 నాటి 'ది రివల్యూషనరీ ఆప్టిమిస్ట్స్' డాక్యుమెంటరీ లోకానికి చూపింది. పోలియో గురించి పెద్దలకే నచ్చజెప్పిన పిల్లలు, నెలసరి గురించీ ఎయిడ్స్ గురించీ తోటివారితో మాట్లాడలేరా?

ఆ చిత్రమే ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. నృత్యబృందానికి నాయకత్వం వహించిన బాలిక ఇంటి పరిస్థితులు భరించలేక చిన్న వయసులోనే పెళ్లి దారి పట్టింది. బొమ్మలూ పాటలూ జ్ఞానాన్నివ్వగలవు కాని, చదువునూ రక్షణనూ ఇవ్వవలసింది ప్రభుత్వమే.

2014లో కేంద్రం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ప్రారంభిస్తూ తోటి వయసు బోధకుల పద్ధతిని అంగీకరించింది. అటువంటి బోధకులు ఇప్పుడు మన జిల్లాల్లో ఎందరు పనిచేస్తున్నారు? వారికి శిక్షణ ఎవరిస్తున్నారు? మన ఉభయ రాష్ట్రాల సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో ఈ రెండు ప్రశ్నలు వేస్తే చాలు. జవాబు చెప్పక మంత్రికి తప్పదు.