కణంలోనే కాపలా..!
రేడియేషన్ దెబ్బకు మేలుకొనే జన్యువులు
‘కరెంటు’ మధ్యలో మానొద్దనేది ఇందుకే

అత్తిముగం: ‘కరెంటు పెట్టాలంట..’ క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో ఈ మాట వినపడగానే గుండెల్లో రాయి పడుతుంది. పల్లెల్లో రేడియేషన్ చికిత్సకు ఉన్న పేరు అదే. హోసూరు ప్రాంతం నుంచి సరిహద్దు దాటి బెంగళూరు కిద్వాయ్ వంటి ఆసుపత్రులకు వారాల తరబడి తిరగాలంటే రానుపోను ఖర్చు, కూలి నష్టం. ఒళ్లు కాస్త తేలికపడగానే ‘ఇక చాల్లే’ అనిపించడం సహజం. అలా మానేస్తే ముప్పేమిటో జన్యువుల తీరు చెబుతోంది.

తెగితే అతుకు: రేడియేషన్ తగిలితే కణంలోని డీఎన్‌ఏ పోగులు తెగుతాయి. ఏటీఎం అనే ప్రొటీన్ దీన్ని పసిగట్టి పీ53కి కబురందిస్తుంది. పీ53 పురమాయిస్తే పీ21 జన్యువు పనిలోకి దిగుతుంది. కణ విభజన ఆగుతుంది. ఈలోగా తెగిన పోగులకు మరమ్మతు జరుగుతుంది. బాగుచేయలేనంత దెబ్బయితే కణం తనంతట తానే చచ్చిపోతుంది. అవసరాన్ని బట్టి జన్యువు ఇలా పనిచేయడమే ‘జన్యు వ్యక్తీకరణ’.

కేరళ తీరం చెప్పిందిదీ..: ఈ స్పందన మనుషుల్లో ఎలా ఉంటుందో చూసేందుకు కేరళ తీరం సహజ ప్రయోగశాల. నీండకర, పురక్కాడ్‌ల మధ్య 55 కి.మీ. పొడవునా మోనజైట్ ఇసుకలోని థోరియం వల్ల రేడియేషన్ ఎక్కువ. కొన్నిచోట్ల ఏడాదికి 45 మిల్లీగ్రేల దాకా ఉంటుంది. అక్కడివారి రక్తకణాల్లో డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు మరింత చురుగ్గా ఉన్నట్లు భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2017లో వెల్లడించారు. కరునాగపల్లిలో సుమారు 70 వేల మందిని పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలోనూ క్యాన్సర్ ముప్పు అదనంగా కనిపించలేదు. అలాగని ఎంతైనా తట్టుకుంటామనుకోరాదు. అక్కడ తగిలేది ఏడాది పొడవునా కొద్దికొద్దిగా. చికిత్సలో కణితికి ఒక్కపూటే సాధారణంగా 2 గ్రేలు, అంటే 2000 మిల్లీగ్రేలు.

రోజూ ఎందుకంటే..: విడతలుగా ఇవ్వడంలో కిటుకుంది. రెండు విడతల మధ్య మంచి కణాలు తేరుకుంటాయి. సుమారు సగం క్యాన్సర్లలో పీ53 చెడిపోయి ఉంటుంది. కాపలా లేని ఆ కణాలు తెగిన డీఎన్‌ఏతోనే విభజనకు దిగి, చాలావరకు చచ్చిపోతాయి. మధ్యలో మానేస్తే మిగిలినవి మళ్లీ పుంజుకుంటాయి. చర్మం కమిలినా, నీరసించినా డాక్టరుకు చెప్పాలేగానీ ఇంటిదారి పట్టకూడదు.

ఎవరికెంత మోతాదు సరిపోతుందో జన్యువులను చూసి తేల్చే పరీక్షలు చాలావరకు పరిశోధన దశలోనే ఉన్నాయి. అంతవరకూ రోగి చేతిలో ఉన్నది.. చెప్పిన విడతలన్నీ పూర్తి చేసుకోవడం!